24 ఏళ్ళకే డిస్కులు అరిగాయట, తమ్ముడి ఎం.ఆర్.ఐ. రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో ఉన్నాం

ఆమదాలవలస అన్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్ళు. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. రోజూ హైవే మీద బండి మీదే రానూపోనూ. కొన్ని నెలలుగా నడుం నొప్పి అంటున్నాడు. ఈమధ్య ఎడం పిర్రలోంచి పిక్క దాకా లాగేస్తోంది. ఎం.ఆర్.ఐ. తీయిస్తే "ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్, డిఫ్యూజ్ బల్జ్, ఎర్లీ డీజెనరేటివ్ ఛేంజెస్" అని రాశారు. ఆ కాగితం చేతికిచ్చినాయన "ఇంత చిన్న వయసులో అప్పుడే అరిగిపోయిందేటి బాబూ" అన్నాడట. ఆ మాట పట్టుకుని వీడు మంచం దిగడం మానేశాడు. అమ్మ బిందె కూడా ముట్టుకోనివ్వడం లేదు. సంబంధాలు చూస్తున్న టైములో ఇదొచ్చి పడిందని ఆమెకి మరో బెంగ.

ఇది ముదిరి ఆపరేషన్ దాకా వెళ్తుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

రాజాం రైడర్

అన్నా, మా బావకి అచ్చం ఇలాగే వచ్చింది. నెల రోజులు బల్ల మీద పడుకోబెట్టారు, లేచినప్పుడల్లా బెల్టు. తగ్గింది. తమ్ముడిని కదలనివ్వకండి. బండి అసలు తియ్యనివ్వద్దు.

విజయనగరం ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని. రాజాం తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు, కానీ ఆ సలహా పాటించకండి. ముందు మీ తమ్ముడిని మంచం దింపండి.

డిస్కు అంటే పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి దిమ్మ. మెడ నుంచి నడుం కింద దాకా మొత్తం 23 ఉంటాయి. తాటికాయలో ముంజ ఉన్నట్టు చుట్టూ గట్టి పీచు పొరలు, మధ్యలో నీరు నిండిన జిగురు. కుర్ర వయసులో ఆ జిగురులో ఎక్కువ భాగం నీరే. రిపోర్టులో ఎల్4, ఎల్5, ఎస్1 అన్నవి నడుం కింది పూసల గుర్తులు. డెసికేషన్ అని రాసింది ఆ నీరు కొంత తగ్గిందని చెప్పడానికి. ఎముక పొడైపోతోందనో, పూస విరిగిపోతుందనో దాని అర్థం కాదు.

డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. చిన్నప్పుడు అంచుల్లో ఉన్న కొద్దిపాటివి కూడా టీనేజీ దాటేసరికి వెనక్కి తగ్గిపోతాయి. అప్పటినుంచి పైనా కిందా ఉన్న పూసల్లోంచి పలచటి పొర గుండా ఊరేదే దానికి ఆహారం. పడుకున్నప్పుడు నీరు పీల్చుకుంటుంది, పగలు బరువు పడినకొద్దీ వదులుతుంది. అందుకే పొద్దున్న లేచేసరికి మనిషి రాత్రి కంటే సెంటీమీటరుకి పైగా పొడుగుంటాడు. ఈ రాకపోకలు సరిగా సాగాలంటే బరువు పడుతూ ఉండాలి, దిగుతూ ఉండాలి. అంటే మనిషి కదలాలి. రోజంతా మంచం పట్టి ఉంటే డిస్కుకి ఒరిగేది లేదు సరికదా, నడుముని నిలబెట్టే కండలు కూడా కరిగిపోతాయి.

ఇక అరుగుదల సంగతి. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో 33 అధ్యయనాల నుంచి 3,110 మంది స్కానింగులు చూశారు. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. అయినా 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి బల్జ్, అంటే డిస్కు అంచు ఉబ్బడం, కనిపించాయి. 80 ఏళ్ళవాళ్ళలో అయితే అరుగుదల 96 శాతం మందికి ఉంది. మీ తమ్ముడి క్రికెట్ టీము 11 మందినీ నిలబెట్టి స్కానింగ్ తీయిస్తే నలుగురికి దాదాపు ఇదే రిపోర్టు వస్తుంది. వాళ్ళు హాయిగా బౌలింగ్ చేసుకుంటున్నారు. ఈ మాట మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

ఆమదాలవలస అన్న

చదివి వినిపించాను మేడమ్. అమ్మ కొంచెం కుదుటపడింది. కానీ మరి అందరికీ ఉండేదే అయితే మావాడికి నొప్పి ఎందుకు? కాలు లాగడం ఎందుకు?

ఆర్థో పీజీ, శ్రీకాకుళం

మంచి ప్రశ్న. డిస్కు లోపలి భాగానికి నొప్పి తెలియదు. బయటి పొరల్లో మాత్రం నరాలుంటాయి. అక్కడ చీలిక వస్తే నడుం పట్టేస్తుంది. చీలికలోంచి జిగురు బయటికి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని తాకితే, ఆ నరం ఎంతదాకా వెళ్తుందో అంతదాకా నొప్పి లాగుతుంది. నొక్కుడు ఒక్కటే కాదు, ఆ జిగురులోని రసాయనాల వల్ల నరం వాస్తుంది కూడా. వాపు దిగినకొద్దీ నొప్పి దిగుతుంది. కాలికి లాగే నొప్పి ఎక్కువ మందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే బాగా తగ్గుతుంది. బయటికొచ్చిన ముక్కని మన శరీరమే మెల్లగా కరిగించేస్తుంది. మీవాడికి కాలు లాగడం ఈమధ్యే మొదలైంది అంటున్నారు కాబట్టి కంగారు పడే దశ కాదు. డాక్టరుకి మాత్రం స్వయంగా చూపించండి. రిపోర్టు ఒక్కటి పంపితే సరిపోదు, కాలు ఎత్తి చూడాలి, బలం చూడాలి.

ఇప్పుడు చెప్పేవి మాత్రం ఇంట్లో అందరూ గుర్తు పెట్టుకోండి. మూత్రం రావాల్సినప్పుడు రాకపోయినా, తెలియకుండా పోతున్నా, సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి రావాలి. 108కి ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగొద్దు. అక్కడ గంటలు లెక్క.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. నడుస్తుంటే ఒక కాలి చెప్పు తెలియకుండా జారిపోతోందా? మడమ మీద నిలబడి నాలుగడుగులు వెయ్యలేకపోతున్నారా? అయితే పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింటోందని అర్థం. ఒక్కోసారి నొప్పి తగ్గిపోయి కాలు బలం పోతుంది. నొప్పి లేదు కదా అని సంబరపడి ఇంట్లో కూర్చుంటారు. అలా కూర్చోకూడదు.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపేసే నొప్పి ఉంటే వెన్నుపూస టీబీ కూడా మనసులో పెట్టుకోవాలి. మన దేశంలో కుర్రాళ్ళలో అది అరుదు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

ఉద్దానం నర్సు

ఈ చర్చలో ఇంతవరకు రాని మాట ఒకటి నేను చెప్పాలి. తమ్ముడు ఏ బిళ్ళలు వేసుకుంటున్నాడు?

ఆమదాలవలస అన్న

మెడికల్ షాపులో ఇచ్చినవి అక్కా. నొప్పి బిళ్ళ, గ్యాస్ బిళ్ళ కలిపి. డ్యూటీకి వెళ్ళే రోజుల్లో రోజూ రెండు పూటలా వేసుకునేవాడు. కొన్ని నెలలుగా అదే.

ఉద్దానం నర్సు

అనుకున్నాను. నేను పుట్టింది కవిటి మండలంలో. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఈ ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళ దీపాలు ఆర్పిందో ఇక్కడ చాలామందికి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటేనే కష్టం ఏ స్థాయిదో చూడండి. ఆ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, నొప్పి బిళ్ళల వల్లే వచ్చిందని నేను అనడం లేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగకుండా, పైన ఈ బిళ్ళ వేస్తే కిడ్నీ మీద రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి.

మన కుర్రాళ్ళు కొబ్బరి చెట్లు ఎక్కుతారు, తోటలో బస్తాలు మోస్తారు, నడుం పట్టేస్తే షాపుకెళ్ళి "నొప్పి బిళ్ళ ఒకటియ్యి" అంటారు. చీటీ అడిగేవాళ్ళుండరు. పనికి వెళ్ళాలి కాబట్టి మర్నాడు మళ్ళీ. డాక్టరు రాసిన కొద్దిరోజులు వేసుకోవడంలో తప్పులేదు. నెలల తరబడి సొంతంగా వేసుకోవడం మాత్రం ఈ జిల్లాలో మనం అస్సలు చెయ్యకూడని పని. తమ్ముడికి రేపే బీపీ చూపించండి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. పెద్ద ఖర్చు కాదు. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.

గజపతినగరం నుంచి వర్క్ ఫ్రమ్ హోమ్

నాకు 27. మూడో ఏడు ఇంటినుంచే పని. మంచం మీద దిండ్లు పేర్చుకుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటాను. సాయంత్రానికి మెడా నడుమూ రెండూ పోతాయి. పాతిక వేలు పెట్టి కుర్చీ కొంటే తీరుతుందా?

విజయనగరం ఫిజియో

కుర్చీ కొనే ముందు లేవడం అలవాటు చేసుకోండి. అరగంటకోసారి లేచి గుమ్మం దాకా వెళ్ళి రండి, ఫోన్ మాట్లాడేటప్పుడు నడుస్తూ మాట్లాడండి. లాప్‌టాప్‌ని బల్ల మీద నాలుగు పుస్తకాల ఎత్తున పెట్టి, వేరే కీబోర్డు కొనుక్కోండి. మెడకి అదే సగం వైద్యం.

నిటారుగా కొయ్యలా కూర్చోవాలన్న భయం వద్దు. 1999లో జర్మనీలో ఒక ఆరోగ్యవంతుడి నడుం డిస్కులో సెన్సార్ పెట్టి ఒత్తిడి కొలిచారు. నిలబడితే 0.5 మెగాపాస్కల్, వెనక్కి ఆనకుండా తీరుబాటుగా కూర్చుంటే 0.46, పడుకుంటే 0.1. కూర్చోవడం ఒక్కటే డిస్కుని చంపేయదని దీన్నిబట్టి తెలుస్తోంది. చెరుపు చేసేది గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోవడం. అదే మనిషి నడుం వంచి 20 కిలోల బరువు ఎత్తితే ఒత్తిడి 2.3కి వెళ్ళింది. మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా ఎత్తేటప్పుడు ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి.

పొద్దున్న లేచిన మొదటి గంట కూడా జాగ్రత్త. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కు ఉబ్బి ఉంటుంది. ఆ టైములో వంగి ముగ్గు పెట్టడం, నూతిలోంచి తోడటం, లేవగానే సిట్‌అప్‌లు చెయ్యడం నొప్పి ఉన్నవాళ్ళకి పడవు. కాసేపు అటూ ఇటూ తిరిగాక చేసుకోవచ్చు.

పలాస జీడి అక్క

మా చెల్లి జీడిపప్పు మీద పొర తీసే పనికి వెళ్తుంది. 29 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. నేల మీద మఠం వేసుకుని, తల వంచుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా. కిలోకింత అని కూలి. అరగంటకోసారి లేవమని మీరు సులువుగా చెప్పేశారు, లేస్తే డబ్బులు పోతాయి. మాలాంటివాళ్ళకి ఏం చెప్తారు?

విజయనగరం ఫిజియో

అక్కా, న్యాయంగా అడిగారు. పని ఆగకుండా చెయ్యగలిగేవి చెప్తాను. మఠం వేసుకుంటే నడుం వెనక్కి గుండ్రంగా వంగిపోతుంది. కింద జానెడు ఎత్తు పీట వేసుకుని కూర్చోమనండి, పిర్రలు మోకాళ్ళ కంటే పైకి వస్తే నడుం దానంతటదే నిలుస్తుంది. పప్పు పళ్ళేన్ని ఇంకో పీట మీదో, బోర్లించిన డబ్బా మీదో పెడితే మెడ అంతగా వంగదు. ఒక కాలు చాపి, కాసేపయ్యాక రెండోది. పళ్ళెం నిండి తూకానికి ఇవ్వడానికి లేచినప్పుడల్లా రెండు చేతులూ నడుం మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగాలి, నాలుగైదు సార్లు. అరనిమిషం పట్టదు. చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళకి కూడా నేర్పమనండి, అందరూ లేస్తే ఎవరూ ఏమీ అనరు.

రాజాం రైడర్

మేడమ్, మరి బెల్టు? మావాళ్ళంతా బెల్టు పెట్టుకునే తిరుగుతున్నారు. ట్రాక్షన్ అని నడుముని లాగి పట్టేది కూడా పెడతారు కదా ఫిజియో సెంటర్లలో?

విజయనగరం ఫిజియో

పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దనే చెప్పింది. వ్యాయామం, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడం వంటివాటికి ఓటు వేసింది. బాగా పట్టేసిన రోజు ప్రయాణం తప్పకపోతే బెల్టు పెట్టుకోండి, ఇంటికి రాగానే తీసేయండి. నేను నా దగ్గరికొచ్చే పాతికేళ్ళ పిల్లలకి మిషన్లు పెట్టి పంపేయడం కంటే వ్యాయామం నేర్పి పంపడానికే ఎక్కువ టైము పెడతాను.

బొబ్బిలి పీఈటీ మాస్టారు

రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడిని. నా గుండెలోని మాట మా ఫిజియో అమ్మాయి చెప్పింది. శ్రీకాకుళం స్టేడియానికి మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి పేరు పెట్టుకున్నాం. ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అది మన ఆమదాలవలస పక్కనే! అలాంటి నేల మీద 24 ఏళ్ళ కుర్రాడిని బిందె ఎత్తనివ్వకపోవడం నాకు బాధగా ఉంది. వెన్ను బరువుకి పుట్టిందే. పద్ధతిగా, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి, అంతే.

పిల్లలకి నేను నేర్పేవి చెప్తాను. చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు నేలకి సమంగా చాపి పది అంకెలు లెక్కపెట్టడం, తర్వాత అటువైపు. పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళంతా లేపి నిలపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం లేపడం, మన సేతుబంధాసనమే. గుంజీళ్ళు తీసేటప్పుడు వీపు తిన్నగా ఉండాలి. వీటికి జిమ్ము ఫీజు అక్కర్లేదు, ఒక చాప చాలు.

వీటన్నిటికంటే ముందు నడక. 2024లో ఆస్ట్రేలియావాళ్ళు నడుం నొప్పి తగ్గిన 701 మందితో ఒక ప్రయోగం చేసి ప్రచురించారు. మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట నడవడం లక్ష్యం. నడిచినవాళ్ళకి నొప్పి మళ్ళీ రావడానికి సగటున 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళకి 112 రోజులు. ఇంత చవకైన మందు నాకింకోటి తెలియదు.

విజయనగరం ఫిజియో

మాస్టారూ, ధన్యవాదాలండి. ఒక్క మాట చేరుస్తాను. వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పి పిక్కలోంచి తొడకి, తొడలోంచి నడుముకి ఎక్కుతూ ఉంటే భయపడొద్దు, నడుములో కొంచెం పెరిగినా అది మంచి సూచన. నడుములో తగ్గి పాదం వైపు దిగుతూ ఉంటే ఆ వ్యాయామం ఆపేసి చూపించుకోవాలి.

ఆర్మీ ఆశ, పొందూరు

నాకు 21. అగ్నివీర్ కోసం పరుగు ప్రాక్టీసు. నాకు తేడాగా ఉంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి నడుం నొప్పితో మెలకువ వచ్చేస్తుంది. లేచాక గంటసేపు ఒళ్ళంతా బిగుసుకుపోయి ఉంటుంది. గ్రౌండుకెళ్ళి రెండు రౌండ్లు కొట్టాక మాత్రం పూర్తిగా వదిలేస్తుంది. ఆదివారం రెస్టు తీసుకుంటే ఇంకా ఎక్కువ. డిస్కేనా? పరుగు మానెయ్యాలా?

ఆర్థో పీజీ, శ్రీకాకుళం

తమ్ముడూ, నువ్వు ఇంత వివరంగా రాయడం మంచిదైంది. డిస్కు నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది, శ్రమతో పెరుగుతుంది. నీది తిరగబడి ఉంది. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వాతపు జబ్బు నీ వయసులోనే మొదలవుతుంది, ఇలాగే మాట్లాడుతుంది. అదే అని ఇక్కడినుంచి చెప్పలేను, కానీ పరీక్ష చేయించుకోవాలి. మామూలు నడుం ఎం.ఆర్.ఐ.లో ఇది దొరక్కపోవచ్చు, కటిభాగంలోని సాక్రోఇలియాక్ కీళ్ళని చూడాలి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించే జన్యువు కోసం చేసే హెచ్ఎల్ఏ-బి27 రక్తపరీక్ష కూడా అడగవచ్చు. విశాఖలో రుమటాలజిస్టులు, అంటే వాతపు జబ్బుల డాక్టర్లు ఉన్నారు, వాళ్ళకే చూపించు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి చేసిందా? ఇంట్లో ఎవరికైనా నడుం బిగుసుకుపోయే జబ్బు ఉందా? ఆ రెండూ డాక్టరుకి చెప్పు. తొందరగా పట్టుకుంటే మంచి మందులున్నాయి. వదిలేస్తే ఏళ్ళ తరబడి పూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. పరుగు మానకు.

ఆర్మీ ఆశ, పొందూరు

మా మేనమామకి ఉంది సార్. మెడ పక్కకి తిరగదు. శుక్రవారం నాన్నతో వెళ్తున్నాను.

ఆమదాలవలస అన్న

నర్సు అక్కకి: క్రియాటినిన్, మూత్రం నార్మల్. బీపీ కూడా బాగానే ఉంది. బిళ్ళలు ఆపించాం. డాక్టరు గారు కాలు బలం చూసి ఆపరేషన్ మాటే లేదన్నారు. తమ్ముడు రెండు పూటలా స్టేషన్ దాకా నడుస్తున్నాడు. ఇంక రెండు సందేహాలు. సిగరెట్ తాగుతాడు, దానికీ డిస్కుకీ సంబంధం ఉందా? బండి మీద డ్యూటీకి ఎప్పుడు వెళ్ళొచ్చు?

ఉద్దానం నర్సు

హమ్మయ్య. చాలా సంతోషం బాబూ. ఆరు నెలలకోసారి ఆ పరీక్ష చేయిస్తూ ఉండండి.

ఆర్థో పీజీ, శ్రీకాకుళం

సంబంధం ఉంది. పూసల్లోని సన్నటి రక్తనాళాలే డిస్కుకి ఆహారం అందించేది, పొగ వాటిని బిగించేస్తుంది. 1991లో కవలల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒకేలాంటి కవలల్లో ఒకరు పొగతాగేవారు, ఇంకొకరు తాగనివారు. తాగేవాళ్ళ నడుం డిస్కుల్లో అరుగుదల 18 శాతం ఎక్కువగా కనిపించింది. డిస్కులు తొందరగా అరగడంలో వంశపారంపర్యానికి పెద్ద పాత్రే ఉందని కూడా కవలల అధ్యయనాలే చెప్పాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చినది మార్చలేం. సిగరెట్ మాత్రం మానొచ్చు.

విజయనగరం ఫిజియో

బండి గురించి నేను చెప్తాను. అరగంట కూర్చుని లేచినా కాలు లాగడం పెరగని రోజు నుంచి మొదలుపెట్టొచ్చు. ముందు ఊళ్ళో చిన్న దూరాలు, తర్వాత హైవే. ఫ్యాక్టరీ బస్సు ఉంటే మొదట్లో అదే నయం. బండి అయితే చిలకపాలెం దగ్గర ఒకసారి ఆపి, దిగి, వెనక్కి వంగి, నాలుగడుగులు నడిచి మళ్ళీ ఎక్కమనండి. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకి 4 నుంచి 6 సార్లు వచ్చే కుదుపుకి ఎక్కువగా ఊగుతుంది, గతుకుల రోడ్డు మీద బండి ఇచ్చే కుదుపు కొంత అదే. షాక్ అబ్జార్బర్లు చూపించండి, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు మీంచి కాస్త లేస్తే ఆ దెబ్బ నడుముకి కాకుండా కాళ్ళకి వెళ్తుంది. టిఫిన్ బ్యాగు వీపున తగిలించుకోకుండా బండికి కట్టెయ్యమనండి. నైట్ షిఫ్టు దిగిన వెంటనే నిద్రమత్తులో బయల్దేరొద్దు, అది నడుం కోసం ఒక్కటే కాదు.

ఫ్యాక్టరీలో డ్రమ్ములు, బస్తాలు ఎత్తే పనుంటే డాక్టరు గారి దగ్గర కాగితం రాయించుకుని సూపర్‌వైజరుకి ఇవ్వండి. ఒక మగ మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఇప్పుడు తమ్ముడికి అందులో నాలుగో వంతు కూడా ఎక్కువే. రెండు నెలలు పోయాక మాస్టారు చెప్పిన పద్ధతిలో పెంచుదాం. బిందె మాత్రం రేపటి నుంచే ఎత్తనివ్వండి, సగం నీళ్ళతో, ఒంటికి దగ్గరగా పట్టుకుని.